మే నెలలో తిరుపతి వస్తున్నాం: గంగజాతరకు పిల్లల్ని తీసుకెళ్లొచ్చా, ఏం కొనుక్కోవాలి?

విజయవాడ అమ్మాయి:
పిల్లలకు సెలవులని మే నెలలో తిరుపతి వస్తున్నాం. సోమవారం కొండ మీద దర్శనం, బుధవారం రాత్రి రైలు. మధ్యలో మంగళవారం గంగజాతర అని తెలిసింది. మా అత్తయ్యగారికి 68 ఏళ్లు, బాబుకి ఎనిమిది, పాపకి ఐదు. జాతరలో బూతులు తిడతారని ఒకరు భయపెట్టారు. నిజమేనా? ఇంకొకటి, లడ్డూ కాకుండా ఇది మీ ఊరిదే అని చెప్పి పదిమందికి పెట్టగలిగే వస్తువులు ఏం దొరుకుతాయి?

తాతయ్యగుంట వాసి:
అక్కా, మీరొచ్చే మంగళవారమే అసలు జాతర. దాన్ని వదులుకోని పోవద్దండి. మా ఇల్లు గంగమ్మ గుడికి రెండు వీధుల అవతల. నాకు ఆరేండ్లప్పుడు జ్వరం ఎంతకీ దిగకపోతే మా అమ్మ మొక్కుకునింది. అప్పటినుంచి ఏటా చీర కట్టి వేషం ఏస్తా ఉండాను.

బూతుల మాట నిజమే. అది మనిషి మీద కోపం కాదు, మొక్కులో భాగం. పాళెగాడు ఒకడు ఊళ్లో ఆడపిల్లల్ని చెరుస్తా ఉంటే గంగమ్మ వాణ్ని చంపను వచ్చింది. వాడు దాక్కున్నాడు. వాణ్ని బయటికి రప్పించేదానికి అమ్మ రోజుకొక వేషం కట్టింది. బైరాగి వేషానికి ఒళ్లంతా నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొర వేషానికి గంధం. నిజంగానే దొర వచ్చినాడనుకోని మొక్కేదానికి వాడు బయటికొచ్చినాడు, తల తెగింది. తిట్లన్నీ వాడికే. ఈ కత పిల్లలకు ముందే చెప్పండి, అప్పుడు వాళ్లు బెదరరు. ఆ వేషాలు కూడా మీరొచ్చే లోపలే అయిపోతాయి. మంగళవారం మీకు కనపడేది ఎక్కువగా చీరలు కట్టిన మగోళ్లు, పొంగళ్లు పెట్టే ఆడోళ్లు.

అత్తమ్మను తెల్లవారి ఆరుకల్లా తీసుకురండి. పది దాటితే రోడ్డు మీద కాలు పెట్టలేరు, అంత కాలుతుంది. బుధవారం తెల్లవారుజామున మట్టితో చేసిన అమ్మ విశ్వరూపం బొమ్మకు చెంప నరుకుతారు, ఆ మట్టికోసం జనం ఎగబడతారు. పిల్లల్ని, పెద్దామెను దానికి మాత్రం తేవద్దు. గంగమ్మ మా వెంకన్నసామికి చెల్లెలు. కొండమీద దేవస్థానం నుంచి ఆమెకు ఏటా సారె వస్తుంది.

కొనేదానికి: ఎర్రచందనం బొమ్మలు రోడ్డు పక్కన కొననే కొనొద్దు. లేపాక్షి ఎంపోరియంలో బిల్లుతో కొనుక్కోండి. మరపాచి బొమ్మల జత, అంటే చెక్కతో చేసిన రాజా రాణి బొమ్మలు, దొరికితే తీసుకోండి, మీ పాప పెండ్లి దాకా నిలుస్తాయి. మల్లెపూలు మాత్రం దర్శనం చేసుకోని కిందికి దిగినాక కొనండి, కొండమీద ఆడోళ్లు పూలు పెట్టుకోరు. అక్కడ పూలన్నీ సామివే.

కాళహస్తి అక్క:
తిరుపతి నుంచి 36 కిలోమీటర్లే అమ్మా, బుధవారం పొద్దున మా ఊరికి వచ్చిపోండి. మీ పక్కన పెడనలో అచ్చులతో వేసే కలంకారీ వేరు, మా కాళహస్తిలో కలంతో గీసేది వేరు. గుడ్డను కరక్కాయలో, పాలలో నానబెడతాం. బెల్లం, పాత ఇనుము కొన్నాళ్లు మురగబెట్టిన కసిమితో నల్ల గీత గీస్తాం. తర్వాత పటిక, రంగులు, మళ్లీ మళ్లీ ఉతకడం. ఒక చీర చేతికి రావాలంటే వారాలు పడుతుంది.

కొనేటప్పుడు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకోండి, కొత్తదైతే పాలవాసన వస్తుంది. ఒకే ఆకు రెండుచోట్ల ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చేత్తో గీసిన రెండు ఆకులు అచ్చం ఒకటిగా ఉండవు, ఒక గీత లావు, ఒక గీత సన్నం. అచ్చంగా ఒకటే ఉంటే స్క్రీన్ ప్రింటు. పోయినేడు ఒక దుకాణంలో ప్రింటు గుడ్డను చేతిపని ధరకు అమ్ముతుంటే చూసి నా కడుపు రగిలిపోయింది. చీర కొనలేకపోతే చిన్న గోడబొమ్మ కొనండి, కానీ గీసిన వాళ్ల ఇంటికే వెళ్లి కొనండి. ఉతికేటప్పుడు ఆ గుడ్డను విడిగా చన్నీళ్లలో తడిపి నీడన ఆరేయాలి.

విజయవాడ అమ్మాయి:
ఇద్దరికీ దండం. కథ చెప్పగానే మా బాబు తనూ చీర కట్టి వేషం వేస్తానంటున్నాడు. బయటి ఊరి పిల్లలు వేయొచ్చా?

తాతయ్యగుంట వాసి:
ఎందుకు వేయకూడదక్కా! అమ్మకు ఊరేంది, పేరేంది. బాడుగ చీరలు వద్దు, మీ అత్తమ్మ పాత నూలు చీర ఒకటి తెండి, పట్టు అయితే ఎండకు పిల్లోడు తాళలేడు. గాజులు, సవరం గాంధీరోడ్డులో దొరుకుతాయి. మా అమ్మ పోయి నాలుగేండ్లయింది. ఇప్పుడు నాకు కుచ్చిళ్లు పెట్టేది నా కూతురు. ఆరుకల్లా గుడి దగ్గరికి రండి, మీ వాడికీ ఆ పిల్లే కడుతుంది. పిన్నీసులు మా దగ్గర ఉండాయి.