కాంచన్ వాచీ డయల్‌కి కొత్త రంగు వేయించమంటున్నారు, ఏం చేయమంటారు?

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. నాన్నగారి పెళ్ళికి అమ్మమ్మగారి వాళ్ళు పెట్టిన హెచ్‌ఎంటీ కాంచన్ ఆటోమేటిక్ వాచీ ఈమధ్య బీరువాలో దొరికింది. అప్పట్లో అల్లుడికి కాంచన్ పెట్టడమంటే మాటలు కాదట! నాలుగుసార్లు ఊపగానే సెకన్ల ముల్లు కదిలింది. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల రోటర్ (చేయి కదిలినప్పుడల్లా తిరిగి వాచీకి కీ ఇచ్చే బరువు) గరగరమంటోంది. టైమేమో రోజుకి పది నిమిషాలు వెనక.

గంటస్తంభం దగ్గర రిపేరు చేసేవాయన డయల్‌కి కొత్త రంగు వేయించి, కేసు పాలిష్ పట్టిస్తే కొత్తదానిలా ఉంటుందన్నారు. నాకైతే అంచుల్లో తేనెరంగుకి తిరిగిన ఆ పాత డయలే ముద్దొస్తోంది. దాన్ని ముట్టుకోకుండా క్లీనింగ్ చేయించి, నూనె వేయిస్తే సరిపోతుందా? ఆ గరగర మామూలేనా, లేక రోటర్ బేరింగ్ అరిగిందా? శ్రీకాకుళంలోగానీ విశాఖలోగానీ పాత ఆటోమేటిక్‌లు తెలిసిన మెకానిక్ ఉంటే కాస్త చెప్పండి. అంతవరకూ వాచీ ఎవరి చేతికీ ఇవ్వను.