నాన్నగారికి శాన్‌ఫ్రాన్సిస్కో మిషన్ పేటలో గోడ బొమ్మలు చూపించాలి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

తెనాలి_అబ్బాయి:

అందరికీ నమస్తే. మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. అమ్మా నాన్నగారూ పోయిన నెల వచ్చారు, ఆరు నెలలుంటారు. అమ్మకి గుడి, మనవరాలు, పెరట్లో గోంగూర మడి, రోజు ఇట్టే గడిచిపోతోంది. నాన్నగారికే ఏమీ తోచట్లేదు. గోల్డెన్ గేట్ వంతెన చూపిస్తే "బానే ఉందిరా, రంగు బాగా పట్టింది" అన్నారు, అంతే.

ఆయన తెనాల్లో ముప్ఫై ఏళ్ళు బోర్డు ఆర్టిస్టు. కొట్ల బోర్డులు, లారీల వెనక అక్షరాలు, ఎలక్షన్లొస్తే గోడ రాతలు, సినిమా హాళ్ళకి బ్యానర్లు, అన్నీ చేశారు. ఫ్లెక్సీలొచ్చాక పని పోయింది, బ్రష్షులు మాత్రం కిరసనాయిల్లో కడిగి గుడ్డలో చుట్టి ఇప్పటికీ దాచుకున్నారు. మొన్న ఏదో పనిమీద శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తుంటే మిషన్‌లో కార్లోంచి ఒక గోడ నిండా బొమ్మ కనపడింది, "ఆపరా, ఆపు" అన్నారు, ఆపడానికి చోటు లేదు, ఇంటికొచ్చేదాకా అదే మాట, పరంజా కట్టారా నిచ్చెనేనా, ఎంతమంది వేసుంటారు, ఇంత ఎండలో వెలవలేదే ఏం రంగు వాడారు అని. ఇన్నాళ్ళకి ఆయన మొహంలో అంత హుషారు చూశాను.

అందుకని ఒక శనివారం మొత్తం ఆయనకే పెడదామనుకుంటున్నా. వయసు 69, మోకాళ్ళ నొప్పులున్నాయి, మెల్లగా అయితే రెండు మైళ్ళు నడుస్తారు. మాంసం తినరు. ఎక్కడ దిగాలి, ఏవి తప్పకుండా చూడాలి, కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

మిషన్‌లో_నడక:

మీ పోస్టు చదివి చేతిలో పని పక్కన పెట్టి రాస్తున్నానండి. నేను నాలుగేళ్ళు 24వ వీధి దగ్గర అద్దెకున్నాను, ఆ గోడలంటే నాకు ప్రాణం.

కారు వద్దు. బార్ట్ రైలు ఎక్కి 24వ వీధి మిషన్ స్టేషన్లో దిగండి, పైకొచ్చాక 24వ వీధి పట్టుకుని తూర్పుకి నడవండి, అంతా చదును నేల, శాన్‌ఫ్రాన్సిస్కో అనగానే భయపెట్టే ఎత్తుపల్లాలు ఇక్కడ లేవు కాబట్టి మీ నాన్నగారి మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు. పడమటి కొండలు పొగమంచుని అడ్డుకుంటాయి, ఊళ్ళో మిగతా చోట్ల వణుకుతున్నా ఇక్కడ ఎండ కాస్తుంది. కొంచెం నడవగానే సౌత్ వ్యాన్‌నెస్ మూల మీద మేడ గోడకి పండగ ఊరేగింపు బొమ్మ, 1983 నాటిది, తల ఎత్తి చూడాలి. ఇంకాస్త ముందుకెళ్తే కుడిచేతి వైపు బామీ ఆలీ అనే సందు వస్తుంది. పేరుకి సందే, 24కీ 25కీ మధ్య ఒక్క బ్లాకు పొడవు, అంతే. కానీ గంటైనా బయటికి రాలేరు.

ఆ సందులో 1972లో ప్యాట్రీషియా రోడ్రిగేజ్, గ్రాసియేలా కరీయో అనే ఇద్దరు ఆడవాళ్ళు బొమ్మ వేశారు, అక్కణ్ణుంచి మొదలైంది. అప్పట్లో గోడ బొమ్మంటే నిచ్చెనలెక్కే మగవాళ్ళ పని అనుకునేవాళ్ళు, వీళ్ళు ఇంకొందరితో కలిసి "మూహేరెస్ మురలిస్తాస్" అని ఆడవాళ్ళ బృందం కట్టారు. తర్వాత 1984లో రే పాత్లాన్ అనే ఆయన చాలామంది ఆర్టిస్టుల్ని పోగుచేశారు. ఎల్ సాల్వడార్‌లో, గ్వాటెమాలాలో జనాన్ని చంపుతున్న సర్కార్లకి, సైన్యాలకి అమెరికా డబ్బూ అండా ఇస్తున్న రోజులవి, అక్కణ్ణుంచి పారిపోయొచ్చిన కుటుంబాలు ఈ వీధుల్లోనే తలదాచుకున్నాయి. ఆ కోపం, ఆ దిగులు అంతా కలిపి ఒక్క సందులో పాతికకి పైగా బొమ్మలు వేశారు, అవీ కంచెల మీద, గరాజ్ తలుపుల మీద. ఇప్పటికీ నిలిచినవాటిల్లో ఒకటుంది, కనిపించకుండా పోయిన తమవాళ్ళ ఫోటోలు పట్టుకుని తల్లులు నిలబడి ఉంటారు, అదే బొమ్మలో ఇంకోవైపు పంటలూ పచ్చదనమూ. దాని ముందు కాసేపు నిలబడనివ్వండి ఆయన్ని, ఫోటో తీసుకుని కదిలిపోయే బొమ్మ కాదు.

24వ వీధి మీదే ప్రెసీటా ఐస్ (Precita Eyes) వాళ్ళ సెంటర్ ఉంది. సూజన్ సెర్వాంటెస్ 1977లో మొదలుపెట్టిన సంస్థ, కొత్తవి వేయడం, పాడైనవి బాగుచేయడం, పిల్లలకి నేర్పడం అన్నీ వాళ్ళే. వారాంతాల్లో నడిపించి చూపిస్తారు, వెళ్ళేముందు టైములు కనుక్కోండి. గైడ్ అక్కర్లేదనుకున్నా లోపలికి ఒకసారి వెళ్ళండి, రంగుల డబ్బాలు చూస్తేనే మీ నాన్నగారి ప్రాణం లేచొస్తుంది.

తిండికి బీన్స్ బరీటో ఉంటుంది, కానీ బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారేమో అడగండి, కొన్నిచోట్ల వేస్తారు. అన్నంలో చికెన్ నీళ్ళు కూడా అడగాలి. ఒర్చాటా అని బియ్యం, దాల్చిన చెక్కతో చేసే చల్లటి పానకం లాంటిది దొరుకుతుంది, పెద్దవాళ్ళకి నచ్చుతుంది.

ఓరుగల్లు_పోరడు:

అక్క మొత్తం చెప్పింది, నేను రెండు ముక్కలు కలుపుత. కారుల పోతే సీట్ల మీద సంచి కాదు కదా ఛార్జర్ వైరు కూడా కనబడొద్దు, అద్దం పలగ్గొడ్తరు, నాకైంది. బార్టే మంచిది.

పదహారో వీధి స్టేషన్ల దిగితే క్లారియన్ ఆలీ దగ్గర. మిషన్ వీధికి, వలెన్సియాకి నడిమిట్ల ఉంటది. 1992ల బామీ ఆలీని చూసి షురూ చేసిన్రు గని, తీరు వేరే. ఇక్కడ బొమ్మలు మారుతనే ఉంటయ్, మొన్న చూసింది ఇయ్యాల ఉండది. కిరాయిలు పెరిగి ఇండ్లకెళ్ళి ఎల్లగొట్టినోళ్ళ గురించి, పోలీసు కాల్పులల్ల సచ్చినోళ్ళ గురించి సూటిగ రాస్తరు. కొంచెం వాసనొస్తది, రోడ్డు మీద పండుకునేటోళ్ళు కూడా ఉంటరు, వాళ్ళ ఫోటోలు మాత్రం తియ్యకుర్రి.

ఇంకోటి చెప్పాలె. ఆ కిరాయిలు పెరిగింది మన సాఫ్ట్‌వేర్ జీతాల తోనే. 2013, 14ల కంపెనీ బస్సులను ఈ వీధులల్లనే అడ్డం నిలబడి ఆపిన్రు, అప్పుడు నేను అసొంటి బస్సులనే పోతుంటి. ఎవలో గొడవ చేస్తున్నరనుకున్న, గోడల మీద చదివినంకనే సమజైంది ఎందుకాపిన్రో. 2014లనే ఆ 24వ వీధిని లాటినో కల్చరల్ డిస్ట్రిక్ట్ అని సిటీ ఒప్పుకున్నది, ఉన్నది కాపాడుకోవాలనే వాళ్ళ తండ్లాట అంతా. అందుకే పోయినప్పుడల్లా ఆ గల్లీలల్లనే తింట, ఆడనే కొంట.

సున్నపు_గోడ:

నాది వేరే మాట. ఆర్టిస్టు అంటున్నారు కాబట్టి ముందు కాయిట్ టవర్‌కి తీసుకెళ్ళండి. 1934లో సర్కారు పని లేని ఆర్టిస్టులకి జీతాలిచ్చి వేయించిన బొమ్మలు, ఎక్కువ భాగం ఫ్రెస్కో, అంటే సున్నం గచ్చు తడిగా ఉండగానే రంగు వేయాలి, గచ్చు ఆరితే రంగు గోడలో కలిసిపోతుంది, తప్పు చేస్తే గోకి మళ్ళీ పూయడమే. ఆ రోజుకి ఎంత వేయగలరో అంతే గచ్చు పూస్తారు. దగ్గర్నుంచి చూస్తే ఏ రోజు పని ఎక్కడ ఆగిందో అతుకు కనపడుతుంది. పని తెలిసిన కంటికి అది పండగ.

మిషన్‌లో_నడక:

ఫ్రెస్కో మాట నిజమేనండి, కానీ కాయిట్ టవర్ కొండ మీద, ఎక్కీ దిగీ ఆయన మోకాళ్ళు ఆ రోజుకి అయిపోతాయి. ఇంకో రోజు పెట్టుకోండి. పైగా ఆయన చేసింది రోడ్డు పక్క పని, వచ్చేపోయేవాళ్ళు చూసే పని, అదే ముందు చూడనివ్వండి.

ఇందాక మర్చిపోయాను, విమెన్స్ బిల్డింగ్. 18వ వీధిలో వలెన్సియా దాటాక. మేడ రెండు ముఖాలూ కింద్నుంచి పైదాకా బొమ్మే, 1994లో ఏడుగురు ఆడవాళ్ళు కలిసి చేశారు, అందులో ఒకరి పేరు మీరా దేశాయ్. అన్ని దేశాల నేత బట్టల డిజైన్లు ఒకదాంట్లోంచి ఒకటి పారుతుంటాయి, ఆ మడతల మధ్య ఆరు వందలకి పైగా ఆడవాళ్ళ పేర్లు అందమైన దస్తూరీలో. అక్షరాలు రాసినాయన కదా, అవే ముందు చూస్తారు చూడండి. 24 నుంచి ఒక స్టేషన్ బార్ట్‌లో వెళ్ళి పదహారులో దిగితే కొద్ది నడక.

నందికొట్కూరు_వాణి:

అన్నా, ఎవరూ చెప్పలేదు గాబట్టి నేను చెప్తాను. బామీ ఆలీ చూసినాక ఎనక్కి తిరక్కుండా అదే 24వ వీధిలో ఇంకా ముందుకి పోండి, యార్క్ వీధి మూల వస్తుంది, ఆడ ఒక గోడంతా నీలంగా ఉంటుంది. పేరు "లా యొరోనా సేక్రెడ్ వాటర్స్", హువానా అలీసియా అనే ఆమె 2004లో వేసినారు. అంతకుముందు అదే గోడ మీద అదే ఆమె 1983లో వేసిన బొమ్మ ఉండేది, లెట్యూస్ తోటల్లో కూలీ చేసే ఆడోళ్ళు, వాళ్ళ మీద పురుగుమందు పడడం. గోడలోకి నీళ్ళు దిగి అది పాడయిపోతే, మళ్ళీ ఆ గోడకే ఇది వేసినారు.

యొరోనా అంటే మెక్సికో కథల్లో బిడ్డల కోసం నీళ్ళ ఒడ్డున ఏడ్చే ఆడమనిషి. ఆమె చుట్టూ నీళ్ళ కోసం కొట్లాడిన జనాలు. బొలీవియాలో కోచబాంబా ఊరోళ్ళు ఒకపక్క. ఇంకోపక్క ఎవరనుకున్నారు? మన నర్మద లోయ ఆడోళ్ళన్నా. చీరలు కట్టుకుని.

నేను మొదటిసారి చూసినప్పుడు స్ట్రోలర్లో పాప ఉంది, ఊరికే నడుచుకుంటా పోతాండాను. చీర కుచ్చెళ్ళు కనపడి ఆగినా. మా తాత వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్ళలో పోయింది, 1981లో. ఇంటి దూలాలు పీకి ఎద్దుల బండికేసుకుని వచ్చినారు, మా అవ్వ రుబ్బురోలు మాత్రం తేలేకపోయినారు. సంగమేశ్వరం గుడి వేసవిలో నీళ్ళు తగ్గితే బయటపడుతుంది గదా, ప్రతి ఏడూ ఆ గుడి చూడ్డానికి పోయి, మా అవ్వ గుడి దిక్కు కాదు, ఊరు ఉన్న దిక్కు చూసేది. ఆ కథ మా ఇంట్లో తప్ప ఎవరికీ పట్టదనుకున్నాను. ఇంత దూరం వచ్చి, టైర్ల అంగడి మాదిరి ఒక మామూలు మూల మీద, ముంపు జనం బొమ్మ అంతెత్తున ఉంటే, ఆడనే అరుగు మీద కూచుని మా అమ్మకి వీడియో కాల్ చేసినా. మా అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "ఆ పిల్ల ఎవరో మనల్ని చూసి గీసినట్టే ఉండాదే" అనింది.

మీ నాయన్ని తప్పకుండా తీసకపోండి.

తెనాలి_అబ్బాయి:

వెళ్ళొచ్చాం! అందరికీ పేరుపేరునా థాంక్స్, ముఖ్యంగా వాణిగారికి.

పొద్దున పదింటికి 24వ వీధిలో దిగాం. నేను బొమ్మలు చూపిస్తుంటే ఆయన గోడలు చూస్తున్నారు. ఇక్కడ తేమ దిగింది, ఇక్కడ ముందు తెలుపు సరిగ్గా పట్టించలేదు, ఈ గీత ఒక్క లాగులో లాగాడు చూడు, ఇలా. బామీ ఆలీలో ఒకాయన గరాజ్ తలుపు పక్కన కింద కూర్చుని పెచ్చులూడిన చోట రంగు వేస్తున్నారు. నాన్నగారు ఐదు నిమిషాలు ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. తర్వాత ఆయన తిన్నటి గీత కోసం టేపు తీస్తుంటే, "దారం లేదా అని అడగరా" అన్నారు. అడిగాను. ఆయన బ్యాగులోంచి ఒక డబ్బీ తీశారు, లోపల నీలం పొడి, అందులోంచి దారం లాగితే పొడి అంటుకుని వస్తుంది. నాన్నగారు ఒక కొస పట్టుకున్నారు, ఆయన రెండో కొస, మధ్యలో వేళ్ళతో లాగి వదిలారు, టప్. నీలం గీత. మేం తెనాల్లో దారానికి చాక్‌పీసు పొడి రుద్ది ఇదే చేసేవాళ్ళం అని నాన్నగారు తెలుగులోనే చెప్పేశారు, నేను ఇంగ్లీషులోకి మార్చేలోపే ఆయన తలూపుతున్నారు. చిన్న బొమ్మకి గళ్ళు గీసి గోడ మీద పెద్దది చేయడం గురించి కూడా మాట్లాడుకున్నారు, వేళ్ళతో గాల్లో గళ్ళు గీసుకుంటూ, అరగంట, నేను పక్కన ఊరికే నిలబడ్డాను.

యార్క్ మూల దగ్గర మాత్రం ఏం మాట్లాడలేదు. రోడ్డు దాటి అటుపక్క నుంచోడానికి చోటు చూసుకుని, మొత్తం ఒకేసారి కనపడేలా చాలాసేపు చూశారు. "పోయిన బొమ్మ చోటే మళ్ళీ ఆవిడే వేసిందా" అని రెండుసార్లు అడిగారు. ఫ్లెక్సీ వాళ్ళు ఆయన రాసిన బోర్డుల మీదే మేకులు కొట్టేవారు, ఆయన్ని ఎప్పుడూ ఎవరూ అడగలేదు. ఇక్కడి చట్టంలో కొన్ని గోడ బొమ్మల విషయంలో, తీసేసేముందు ఆర్టిస్టుకి నోటీసిచ్చి తొంభై రోజులు ఆగాలని నేను ఎక్కడో చదివింది చెప్పాను, 1990 నాటి చట్టం. "తొంభై రోజులా" అన్నారు.

విమెన్స్ బిల్డింగ్ ఈసారికి కుదర్లేదు, మోకాళ్ళు మొరాయించాయి. వచ్చే శనివారం అదొక్కటే.

ఇప్పుడు అసలు ప్రశ్న. నిన్న పొద్దున లేచి చూసేసరికి పెరటి చెక్క కంచె మీద చాక్‌పీసుతో గళ్ళు గీసి ఉన్నాయి, అడుగు గడి, ఎనిమిది అడుగుల మేర. మనవరాలు ఏ బొమ్మ అడిగిందో ఇద్దరూ చెప్పట్లేదు. ఓనరుతో మాట్లాడాను, లోపలి వైపు కదా, వేసుకోమన్నారు. ఆయనకి ఎనామిలే అలవాటు, ఇక్కడందరూ అక్రిలిక్ అంటున్నారు. ఎండా వానా తగిలే చెక్కకి కింద ఏ ప్రైమర్ వేయాలి, పైన ఏం పూత పూస్తే నాలుగేళ్ళు నిలుస్తుంది, చేసినవాళ్ళుంటే చెప్పండి, ఆదివారం లోపు రంగులు కొనాలి.