విశాఖ సముద్ర తీరంలో రెండు రోజులు: అమ్మగారితో, పిల్లలతో ఎలా తిరగాలి?

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్లు తప్ప, మా ఇంట్లో నాతో సహా ఎవరమూ ఇంతవరకు సముద్రాన్ని చూడలేదు. సంక్రాంతి తరువాత డెబ్బయి ఏళ్ల మా అమ్మగారిని, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని, మా ఊరి మీదుగానే వెళ్లే విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం చేరి, అక్కడ రెండు రోజులు ఉండాలనుకుంటున్నాము.

మొదటి రోజు రామకృష్ణా బీచ్, 2002 నుంచి ఆ ఒడ్డున ప్రదర్శనశాలగా ఉన్న కురుసుర జలాంతర్గామి, సాయంత్రం కైలాసగిరి చూడాలని ఉంది. జలాంతర్గామి లోపల ఇరుకైన గుండ్రని ద్వారాలను వంగి దాటవలసి ఉంటుందట. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి అది సాధ్యమేనా, లేక ఆమెను బయటే కూర్చోబెట్టడం మంచిదా?

రెండవ రోజు రుషికొండ బీచ్, తొట్లకొండ మీదుగా, గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమునిపట్నం (భీమిలి) వరకు వెళ్లాలని నా ఆలోచన. (నాగార్జునసాగర్‌కు దగ్గరివాణ్ణి కనుక తొట్లకొండ బౌద్ధారామాన్ని మాత్రం వదులుకోలేను.) అదే రోజు యారాడ బీచ్ కూడా చూడవచ్చునని ఒక మిత్రుడు అన్నాడు గాని, అది డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల, నగరానికి మరో వైపున ఉంది కదా.

రామకృష్ణా బీచ్‌లో అలలు మనిషిని లోపలికి లాగుతాయంటారు. పిల్లలు మోకాలి లోతు వరకైనా దిగడానికి రుషికొండ, భీమిలిలలో ఏది నయమో, రెండవ రోజుకు ఆటో సరిపోతుందో, కారు మాట్లాడుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.