'నాక్షస్తుషః': ఆ 'నా' ఏంది సామీ?

తిరుచానూరు: అమరకోశంలో తానిచెట్టు పేర్లు చెప్పేచోట "కర్షఫలో భూతావాసః కలిద్రుమః" అనే తోక నోట్లో ఆడతా ఉండాది, తల సరిగ్గా గుర్తురాలేదు, 'నాక్ష...' అని ఏదో ఉండాది. "న అక్షః" అనా? నలకథలో ఋతుపర్ణ రాజు తన సారథికి, అంటే బాహుకుడి వేషంలో ఉండే నలుడికి, జూదవిద్య నేర్పే మలుపు మీద రాసే వ్యాసానికి 'అక్షహృదయం' అని పేరు పెట్టుకున్నా. అక్షమంటే పాచికా, తానికాయా?

శ్రీకాళహస్తి: "త్రిలిఙ్గస్తు విభీతకః, నాక్షస్తుషః కర్షఫలో..." ఆ 'నా' నిషేధం కాదండీ. నృ శబ్దానికి ప్రథమైకవచనం, పుంలింగమని గుర్తు. విభీతకం మూడు లింగాల్లోనూ ఉంటుంది, అక్షం పుంలింగమే.

పుత్తూరు: పాచికా తానికాయా రెండూ ఒకటే గదన్నా! పాతకాలం జూదం తానికాయలతోనే. కాయల్ని నాలుగేసి చొప్పున తీసేస్తే ఏమీ మిగలకుంటే కృతం, 3 మిగిలితే త్రేత, 2 ద్వాపరం, 1 కలి. చూపుతోనే లెక్క తేల్చేవాడిదే ఆట. ఋతుపర్ణుడు చెట్టుకేసి చూసి రెండు కొమ్మల కాయలు 2095 అన్నాడంటే అది గారడీ కాదు, జూదగాడి విద్య.

కుప్పం: ఆ విద్యను బయటపెట్టిన తీరు చూడండి. అందాకా రథంలో ఋతుపర్ణుడు ఉత్త బరువు, ప్రతాపమంతా బాహుకుడిది. ఉత్తరీయం జారింది, ఆపమన్నాడు. యోజనం దాటొచ్చేశామన్నాడు సారథి. రాజుకు చిన్నతనమైంది, వెంటనే చెట్టు చూపించాడు. బాహుకుడు ఊరికే నమ్మలా, చెట్టు పడగొట్టి లెక్కపెట్టుకున్నాడు. చదివేవాడి అనుమానం కూడా ఆ దెబ్బతోనే పోయింది. ఇక విద్య ఊరికే రాలేదు, మారకం: బదులుగా నువ్వు నేర్పాల్సిన గుర్రాల విద్య, అశ్వహృదయం, ప్రస్తుతానికి నీ దగ్గరే నిక్షేపంగా ఉండనీ అంటాడు రాజు. ఇదే విద్య, జూదంలో నలుణ్ణి ఓడించిన తమ్ముడు పుష్కరుడి ముందు కూర్చున్నాక ఊడిపడి ఉంటే కథ చెడేది. ఆటకు ముందే, వేరే పని మీద, వేరేవాడి చేతిలో కనబడింది కాబట్టి నిలబడింది.

పలమనేరు: శ్రీనాథుడు ఈ ఘట్టానికి ఎట్టాంటి సీసం కట్టుంటాడో! ఎవరికైనా నోటికొస్తే పెట్టండి.

శ్రీకాళహస్తి: శ్రీనాథుడి శృంగార నైషధంలో ఈ ఘట్టమే లేదండీ. పెళ్ళి ముచ్చట్లతోనే సరి. ఇది కావాలంటే నన్నయ అరణ్యపర్వానికి పోవాలి. అయితే దానికి మూలమైన సంస్కృత నైషధంలో శ్రీహర్షుడు 17వ సర్గలో, నలుణ్ణి పట్టి పీడించే కలిపురుషుణ్ణి తెచ్చి నలుడి తోటలో తానిచెట్టు మీదే కూర్చోబెట్టాడు. విత్తనం చల్లి పంట కోయకుండా వెళ్ళిపోయాడు. 'కలిద్రుమః' అన్న పేరు మాత్రం నిలిచింది.

పుత్తూరు: ఇంకో సంగతి. రాలినవి చెట్టు మీదవాటికన్నా 101 ఎక్కువ అంటాడు రాజు. నాలుగుతో భాగిస్తే మిగిలేది 1. కలి! ఆ వెంటనే గదా కలి నలుణ్ణి వదిలి బయటికొచ్చింది.

కుప్పం: మరి 2095కు 3 మిగులుతుంది, త్రేత. రెండు కొమ్మల ఆకులు 5 కోట్లకు సున్న, కృతం. ద్వాపరం ఏమైనట్టు?

పుత్తూరు: కలికి తోడొచ్చిన ద్వాపరుడు పాచికల్లో దూరి ఉండాడు గదా, చెట్టులో ఎట్ట దొరుకుతాడు!

పలమనేరు: అది మీరు కట్టిన లెక్కన్నా, వ్యాసుడిది కాదు.

తిరుచానూరు: సరే గానీ, కర్షఫలమంటే కర్షం తూగే కాయ, అర్థమైంది. 'తుషః' ఎందుకు? తుషమంటే ఊక గదా?

శ్రీకాళహస్తి: ఊకకూ పుంలింగమే. ముందు మీ ప్రతిలో అది 'తుషః' అనే ఉందో లేదో చూసి చెప్పండి.