అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకుంటున్నాడు, నాన్న ఫోన్ ఎత్తడం లేదు

గంటస్తంభం సెంటర్:

మాది విజయనగరం పక్కన పల్లె. నాన్న ఆర్మీలో చేసి హవల్దారుగా రిటైరయ్యారు, ఇప్పుడు మామిడితోట చూసుకుంటున్నారు. అన్నయ్య ఎంఎస్ కని వెళ్లి ఒహాయోలో స్థిరపడ్డాడు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు కాబట్టి వాళ్లు ఎలాగూ అమెరికన్లే, దాని మీద ఇంట్లో ఎప్పుడూ గొడవ లేదు. ఆదివారం వస్తే వీడియో కాల్, మనవళ్లతో కబుర్లు, అంతా బాగానే నడిచేది.

మొన్న అన్నయ్య సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ పాసయ్యానని, ఓత్ తేదీ వచ్చిందని చెప్పాడు. ఓత్ అంటే ఏం చెప్పాలి రా అని నాన్న అడిగారు. "ఏం లేదు నాన్నా, ఉత్త ఫార్మాలిటీ, అందరితో పాటు చెయ్యెత్తి చదివేస్తే అయిపోద్ది" అన్నాడు. నాన్న అప్పటికి ఊరుకుని, తర్వాత మా అబ్బాయి చేత ఫోన్లో ఆ ప్రమాణం వెతికించి, ఒక్కో ముక్కా అర్థం చెప్పించుకున్నారు. ఇంతకుముందు ఏ దేశానికి పౌరుణ్ణో ఆ దేశం పట్ల విధేయత పూర్తిగా వదులుకుంటున్నాను, చట్టం అడిగితే అమెరికా తరఫున ఆయుధం పడతాను అని ఉంది అందులో. అంతే, ఆ రోజు నుంచి అన్నయ్య ఫోన్ ఎత్తడం లేదు. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోతోంది, రోజూ ఇదే టెన్షన్.

అన్నయ్యకీ బాధగానే ఉంది. అక్కడ ఉగాది దగ్గరుండి చేయిస్తాడు, పిల్లలకి తెలుగు నేర్పిస్తున్నాడు, పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజు తెల్లవారుజామునే లేచి లైవ్ పెట్టుకుని కూర్చుంటాడు, ఇంకేం చెయ్యాలి నేను అంటాడు.

నా ప్రశ్న ఏంటంటే, పుట్టిన చోటు మీద అభిమానం, ఉంటున్న దేశం మీద విధేయత ఒకే మనిషిలో నిజంగా కుదురుతాయా, లేక అవి మనల్ని మనం సముదాయించుకునే కబుర్లా? ఇంకోటి, తోటలో వాడి వాటా సంగతి ఏమవుతుంది? దాని మీద కూడా నాన్న ఏదో మనసులో పెట్టుకున్నారని అమ్మ అనుమానం.

చీపురుపల్లి జంక్షన్:

ముందు తోట సంగతి తేల్చుకుందాం, దాని మీదే ఎక్కువ పుకార్లు నడుస్తాయి. వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ ఎన్నారై కొనకూడదు, బతికున్న తండ్రి గిఫ్ట్ డీడ్ రాసిచ్చినా తీసుకోకూడదు. ఇది మీ అన్నయ్యకి ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఈ రోజు కూడా వర్తిస్తుంది, ఎందుకంటే అతను ఉంటున్నది అక్కడ. రేపు ఓసీఐ కార్డు (వేరే దేశ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకున్నాక కూడా అదే రూలు. వారసత్వంగా వస్తే మాత్రం అప్పుడూ ఇప్పుడూ వస్తుంది, వీలునామా రాసినా సరే. తర్వాత అమ్ముకోవాలంటే ఇక్కడ ఉండే భారత పౌరుడికే అమ్మాలి. కాబట్టి ఓత్ వల్ల తోట పోదు.

ఇంకో విషయం మీ నాన్నగారికి నెమ్మదిగా చెప్పండి. మన పౌరసత్వం పోయేది ఆ ప్రమాణంలో మాటల వల్ల కాదు. మన 1955 పౌరసత్వ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఇష్టపడి వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మరుక్షణం మనది దానంతటదే రద్దవుతుంది. ఆస్ట్రేలియా ప్రమాణంలో పాత దేశాన్ని వదులుకుంటున్నాను అన్న మాటే ఉండదు, ఆ దేశానికీ ప్రజలకీ విధేయంగా ఉంటాను, చట్టాలు పాటిస్తాను అని చెప్పాలి, అయినా అక్కడ పౌరసత్వం తీసుకున్నవాడు కూడా మన పాస్‌పోర్టు అప్పగించాల్సిందే. రెండు పౌరసత్వాలు వద్దన్నది మన దేశం పెట్టుకున్న నియమం.

సోంపేట కుర్రోడు:

కువైట్‌లో వెల్డింగ్ చేస్తున్నాను. మా ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వచ్చినవాళ్లు జీవితమంతా ఇక్కడే చేసినా పౌరసత్వం అన్న మాటే ఎత్తరు, కాంట్రాక్టు అయిపోతే సామాను సర్దుకోవడమే. మీ ఇంట్లో గొడవ చదువుతుంటే తప్పుగా అనుకోవద్దు గానీ కొంచెం నవ్వొచ్చింది. అడిగి ఇస్తామన్నప్పుడు తీసుకోమనండి అన్నా.

నాగావళి గట్టు:

సోంపేట తమ్ముడు చెప్పిందానికి మా ఇంటి కథ కలుపుతాను.

మా మామ్మ పుట్టింది రంగూన్‌లో, తను మాత్రం చివరిదాకా రంగం అనే అనేది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఒకప్పుడు ఇంటికొకడు రంగం వెళ్లినవాడే, బియ్యం మిల్లుల్లోనో రేవులోనో పని. 1942లో జపాన్ వాళ్లు వచ్చినప్పుడు జనం కొండలు, అడవులు పట్టుకుని నడిచొచ్చారు, దారిలో చాలామంది పోయారు. మా తాతగారు మళ్లీ వెళ్లారు. 1948లో బర్మాకి స్వాతంత్ర్యం వచ్చాక అక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునే వీలుండేది. మనవాళ్లు చాలామంది పెట్టుకోలేదు. ఎప్పటికైనా ఊరికి పోయేవాళ్లమే కదా, మనకెందుకు అనుకున్నారు. 1962లో సైన్యం గద్దెనెక్కింది, 1964లో దుకాణాలు, మిల్లులు ప్రభుత్వం తీసేసుకుంది, పెద్ద నోట్లు రద్దు చేసింది, మనవాళ్లని పరాయివాళ్లుగానే చూశారు. లక్షల మంది ఓడలెక్కి వచ్చేశారు. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వచ్చిందే. మా తాత అన్నేళ్లు కూడబెట్టింది ఏదీ తెచ్చుకోనివ్వలేదు. కాగితం ఉన్నవాళ్లందరికీ బాగా జరిగిందని నేను అనను, కానీ కాగితం లేనివాళ్లకి మాట్లాడే నోరే లేకపోయింది.

దీనికి పూర్తి రివర్స్‌లో మారిషస్ చూడండి. 1830ల తర్వాత చెరకు తోటల్లో కూలికి ఇక్కడి తీరం నుంచి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు ఇంట్లో క్రియోల్ మాట్లాడతారు, కానీ సింహాద్రి అప్పన్న పూజ మానలేదు, ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. వాళ్లని ఎవరైనా నీది ఏ దేశం అని అడిగితే మారిషస్ అంటారు. దానికి అప్పన్న అలిగాడని నేనైతే వినలేదు.

పాత బూట్లు:

బాబూ, నేనూ మాజీ సైనికుణ్ణే, ఆమదాలవలస దగ్గర. సుబేదారుగా దిగాను. మీ నాన్నగారిని నేను చూడలేదు గానీ ఆయన కోపం ఎక్కడిదో నాకు తెలుసు అనుకుంటున్నాను, పైన రాసినవాళ్లు చట్టం, చరిత్ర బాగా చెప్పారు, కానీ ఆయనకి కావాల్సింది అది కాదు.

శిక్షణ అయిపోయిన రోజు మేము ప్రమాణం చేస్తాం. పరేడ్ గ్రౌండ్‌లో, జెండా ముందు, ఎవరి మతగ్రంథం మీద వాళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అప్పుడు పెద్దగా ఏమీ అర్థం కాదు, నిజం చెప్తున్నాను. తర్వాత మంచులో పోస్టు మీద ఉన్నప్పుడు, పక్కవాడు పోయినప్పుడు, సెలవు దొరక్క తల్లి ఆఖరి చూపుకి అందలేనప్పుడు, అప్పుడు అర్థమవుతుంది మనం ఏం మాట ఇచ్చామో. ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాట మీదే నడిచింది మాకు. అలాంటి మనిషి ముందు కన్నకొడుకు "ఉత్త ఫార్మాలిటీ, చదివేస్తే అయిపోద్ది" అన్నాడు. మీ నాన్నగారికి కొడుకు దేశం మారినందుకు కొంత బాధ ఉండొచ్చు, ఆ బాధ తగ్గుతుంది. ఇచ్చే మాటని లెక్కలేకుండా ఇస్తున్నాడన్నది మాత్రం తగ్గదు. రేపు ఇతను ఆ దేశానికీ నమ్మకంగా ఉండడు, మనకీ ఉండడు అని అనిపించి ఉంటుంది ఆయనకి. నా కొడుకైనా నాకు అలాగే అనిపిస్తుంది.

మీ అన్నగారిని ఫోన్ చేసి "నాన్నా, అది ఫార్మాలిటీ కాదు, నేను ఆలోచించుకునే చేస్తున్నాను, అక్కడి అన్నం తింటున్నాను, నా పిల్లల దేశం అది, మాట ఇస్తే నిలబడతాను" అని చెప్పమనండి. ఉగాది చేశాను, తెలుగు నేర్పాను అన్న లెక్కలన్నీ అక్కర్లేదు. ఆయుధం మాటకి భయపడక్కర్లేదు, అక్కడ 1973 నుంచి బలవంతంగా సైన్యంలోకి తీసుకోవడం లేదు. కానీ ఈ సంగతి ముందు చెప్పొద్దు. చెప్తే మళ్లీ తప్పించుకునే మాటలాగే వినిపిస్తుంది ఆయనకి.

కోట వెనక వీధి:

అందరూ అన్నగారి వైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు. ప్రమాణం చేసుకోండి, ఎవరు వద్దన్నారు. కానీ చేశాక ఇక్కడి రాజకీయాల్లో వేలు పెట్టడం ఆపండి. మా బంధువు ఒకాయన అక్కడి పౌరుడై చాలా కాలమైంది, అక్కడ తన కౌంటీలో ఎవరు గెలిచారో తెలియదు, ఇక్కడ మా మండలంలో ఎవరికి ఓటెయ్యాలో మాత్రం ఫ్యామిలీ గ్రూపులో రోజూ క్లాసు పీకుతాడు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై పేరు నమోదు చేసుకుని బూత్‌కి వచ్చి ఓటెయ్యొచ్చు, ఓసీఐకి ఆ హక్కు కూడా లేదు. ఫలితం అనుభవించేది మేము, సలహా మీది. ఇదేం అభిమానం?

బొబ్బిలి ఆడపడుచు:

కోట వెనక వీధి గారూ, మీ బంధువు లాంటివాళ్లు మా ఊళ్లో కూడా బోలెడు మంది ఉన్నారు, డాలస్‌లో. మీ మాట చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్కటి తప్ప. అభిప్రాయం చెప్పడం తప్పు కాదు, ఇక్కడి బాధ్యత వదిలేసి అక్కడ పెత్తనం చేయడమే తప్పు. నేను ఓత్ తీసుకున్నాక జ్యూరీ డ్యూటీకి పిలిచారు. ఏదో వంక చెప్పి తప్పించుకోవచ్చని మన వాట్సాప్ గ్రూపుల్లో చిట్కాలు తిరుగుతుంటాయి, నేను వెళ్లాను. ఒక మనిషి జైలుకి వెళ్లాలా వద్దా అని పన్నెండు మందిలో కూర్చుని ఆలోచించాక గానీ నాకు ఈ దేశం నాది అనిపించలేదు. స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటెయ్యడం కూడా అలాంటిదే, మన పిల్లలు చదివే బడి అది, ఉగాది ఫంక్షన్‌కి వచ్చిన జనంలో సగం మందైనా దానికి రారు.

అభిమానం, విధేయత కుదురుతాయా అని అడిగారు. భగత్ సింగ్ థింద్ అని పంజాబీ ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేశాడు. ఆయన వైపు నుంచి ఏ తేడా రాలేదు. 1923లో ఇక్కడి సుప్రీంకోర్టే నువ్వు తెల్లవాడివి కావు అని పౌరసత్వానికి అర్హత లేదంది. చివరికి 1936లో, యుద్ధంలో పనిచేసినవాళ్ల కోసం తెచ్చిన చట్టం కింద వచ్చింది. మిగతా భారతీయులకి 1946 దాకా దారి తెరవలేదు. దాని కోసం పోరాడినవాళ్లలో ఒకడు దలీప్ సింగ్ సౌంద్, పదేళ్లకి, 1956లో ఇక్కడి పార్లమెంటు అయిన అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. ఈ రోజు మీ అన్నయ్యకి ఓత్ తేదీ చేతికొచ్చిందంటే దాని వెనక ఇంత నడిచింది. అందుకే ఫార్మాలిటీ అనే మాట నాకూ నచ్చదు, సుబేదారు గారు సరిగ్గా పట్టుకున్నారు.

క్రికెట్ గొడవ కూడా చెప్పేస్తాను, ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారు. 1990లో బ్రిటన్‌లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు, వలస వచ్చినవాళ్లు ఏ జట్టుకి చప్పట్లు కొడతారో అదే పరీక్ష అన్నాడు. 2024 జూన్‌లో న్యూయార్క్‌లో టీ20 ప్రపంచకప్‌లో ఇండియా, అమెరికా ఆడాయి. ముంబైలో పుట్టిన నేత్రావల్కర్ అమెరికా తరఫున బౌలింగ్ చేసి కోహ్లీని మొదటి బంతికే అవుట్ చేశాడు. మా ఆయన తల పట్టుకున్నాడు, మా పిల్లలు గంతులేశారు, నేను ఎటూ కాకుండా పకోడీలు వేస్తున్నాను. ఆ రోజు మా ఇంట్లో విధేయత ఎవరిదో కొలవమంటే టెబిట్ గారి వల్ల కూడా కాదు.

గంటస్తంభం సెంటర్:

సుబేదారు గారూ, మీరు రాసింది నాన్నకి చదివి వినిపించాను. సగంలో లేచి తోటలోకి వెళ్లిపోయారు. రాత్రి భోజనాల దగ్గర అడిగారు, "రేపు రెండు దేశాలకీ తగువొస్తే వాడు ఎటు నిలబడతాడట?" అని. నా దగ్గర జవాబు లేదు. బొబ్బిలి అక్కా, మీరు ఓత్ తీసుకున్నవారు కదా, మీరైతే ఏమంటారు?

బొబ్బిలి ఆడపడుచు:

మా మామగారు కూడా సరిగ్గా ఇదే అడిగారు తమ్ముడూ. మాట ఇచ్చిన వైపే నిలబడతాను అన్నాను. ఆ యుద్ధం వద్దని ఇక్కడి వీధుల్లో అరిచే హక్కు కూడా ఆ పౌరసత్వంతోనే గట్టిగా వస్తుంది, ముందు ఆ పని చేస్తాను అని కూడా అన్నాను. ఆయనకి మొదటి సగం నచ్చింది, రెండో సగానికి ఏమీ అనలేదు. మీ నాన్నగారికి ఈ జవాబు నా నోటి నుంచి కాదు, మీ అన్నయ్య నోటి నుంచి వెళ్లాలి. అదీ ఓత్‌కి ముందే.

చీపురుపల్లి జంక్షన్:

మీ అన్నయ్య ఇంటికొచ్చి మాట్లాడదామనుకుంటే ఒక జాగ్రత్త. ఓత్ అయ్యాక పాత ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, జరిమానా పడుతుంది. ముందు అమెరికా పాస్‌పోర్టు, తర్వాత మన పాస్‌పోర్టు అప్పగించి ఆ సర్టిఫికెట్, దాంతో ఓసీఐ, ఈ వరుసలో వెళ్లాలి. ఓసీఐ ఆలస్యమైతే ఈ-వీసా మీద రావచ్చు. ఓత్‌కి ముందే రాగలిగితే ఇవేవీ అక్కర్లేదు, ఉన్న పాస్‌పోర్టుతో వచ్చేయొచ్చు. టికెట్ల రేటు చూసి చెప్పమనండి.