'మఱచిరే': అడిగినట్టా, అన్నట్టా?

(మా గ్రూపులో నడిచిన మాటలివి. ఎవరి ఊరి పేరు వాళ్ల మాట ముందు ఉంది.)

హనుమకొండ: డిసెంబర్ 16న మా దగ్గర మాజీ సైనికుల ర్యాలీ తీశారు. అదాలత్ నుంచి పబ్లిక్ గార్డెన్ దాకా. ముందు బ్యాండు, వెనక ఎన్‌సీసీ పిల్లలు, మధ్యలో పూలు చుట్టిన జీపు. 1971లో యుద్ధానికి పోయి వచ్చినవాళ్లు అందులో ముగ్గురే. జీపుకు కట్టిన ఫ్లెక్సీ మీద 'వారలన్ మఱచిరే యిక్కాలమున్!' అని ఉంది. అప్పటి నుంచి ఆ పాదం మొదలు గుర్తుకు రాక ఒకటే టెన్షన్. నోట్లో 'వీరే వీరులు' అని ఆడుతోంది. అది కాదని తెలుసు.

పరకాల: 'యీరే కోర్కులు', అంటే కోరినవి ఇవ్వలేదా అని. పోతన భాగవతంలో 'కారే రాజులు' పద్యం, వామనుడికి దానం ఇవ్వొద్దన్న గురువు శుక్రుడితో బలి అన్నది. మిగతాది అందరికీ నోటికి వచ్చిందే, రాయను. అసలు ఆ ఆశ్చర్యార్థకం ఎవరు పెట్టారండీ? అక్కడున్నది ప్రశ్న. శిబి లాంటి దాతలను ఇప్పటికీ ఎవరైనా మరిచారా, లేదే అని బలి ధీమా. ఫ్లెక్సీవాళ్లు దాన్ని నిష్ఠూరం చేసి పెట్టారు.

కాజీపేట: 'వీరే వీరులు' కూడా బాగుంది, ప్రాస చెడలేదు. నిష్ఠూరం మాటకొస్తే, ఏ-కారం నొక్కి చెప్పడానికీ వస్తుంది కదా సార్. తాటాకు మీద ప్రశ్నార్థకమూ లేదు, ఆశ్చర్యార్థకమూ లేదు. రెండూ అచ్చు వచ్చాక పెట్టుకున్నవే.

పరకాల: గుర్తులు ఎందుకు, క్రియలు చూడండి. కారే, కలుగవే, పొందరే, ఈరే: ఇవన్నీ వ్యతిరేకాలు, కాబట్టి జవాబు 'అయ్యారు, పొందారు, ఇచ్చారు'. చాలిరే, కలదే, మఱచిరే: ఇవి వ్యతిరేకాలు కావు, కాబట్టి జవాబు 'లేదు'. మఱచిరే ఒక్కదాన్నే నొక్కు అంటారా? అయితే 'పోవం జాలిరే'కు కూడా రాజులు సిరి మూట కట్టుకునే పోయారని అర్థం చెప్పండి, వింటాను.

జనగామ: సార్ చెప్పింది వ్యాకరణం వరకు సరే. నాకు మాత్రం ఆ పద్యంలో గుచ్చుకునేది 'పేరైనం గలదే', పేరైనా మిగిలిందా అన్నది. రాజులను ఒక్క ముక్కలో తుడిచేశాడు. 'ఇమ్మనుజేశ్వరాధముల'కు, అంటే ఈ అధమ రాజులకు, పుస్తకం ఇవ్వనన్న మనిషి కదా పోతన, బలి నోట ఆ మాట పెడుతున్నప్పుడు ఎంత హాయిగా ఉండి ఉంటుందో! మాది బమ్మెర పక్కన. చిన్నప్పుడు ఇది పోతన పొలమని ఒక మడి చూపించేవాళ్లు. పోతన మావాడే అనే ఒంటిమిట్టవాళ్లు గ్రూపులో ఎవరూ లేరు కదా?

పాలకుర్తి: ఉన్నా లేకపోయినా మా పాల్కురికి సోమన పోతన కన్నా ముందువాడు. ఈ గొడవంతా శార్దూల వృత్తం వల్ల. సోమనలా జాను తెనుగులో, అంటే తేట తెలుగులో, ద్విపద రాసి ఉంటే జీపులో కూర్చున్నవాళ్లకూ తెలిసేది. సరే, ఫ్లెక్సీ మీద శకటరేఫం, ఆ 'ఱ', సరిగ్గా పడిందా?

హనుమకొండ: పడింది సార్. కింద 'మాజీ సైనికులకు వందనం' అని కూడా ఉంది.

పాలకుర్తి: 'విశ్రాంత' అంటే ఇంకా గౌరవంగా ఉండేది.

కాజీపేట: లష్కర్ అంటే సైన్యం, లష్కర్ బజార్ ఉన్న ఊళ్లో 'మాజీ' బరువైందా? అరబ్బీలో గడిచిపోయినది అని అర్థం. ఆ మాటా సైన్యంతో వచ్చిందే అనుకోండి. అయినా విశ్రాంతి ఎక్కడిది, ఎండలో గంటసేపు జీపులో నిలబెట్టాం కదా.

జనగామ: అది ర్యాలీ తీసినవాళ్ల తప్పు, పోతనది కాదు.

హనుమకొండ: ఒకటి రాయడం మరిచాను. బ్యాండు ఆగినప్పుడు జీపులో ఉన్న ఒక పెద్దాయన ఫ్లెక్సీ మీద ఏముందో చదవమన్నాడు. కట్టింది బయటి వైపుకు కదా, ఆయనకు కనిపించదు. చదివాను. "ఎవర్ని అడుగుతున్నరు?" అన్నాడు. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన రోజు తనకు ఇరవై రెండేళ్లట. అంతకు మించి ఏం చెప్పలేదు, బ్యాండు మళ్లీ మొదలైంది.

పరకాల: చూశారా, 'అడుగుతున్నరు' అన్నాడు. పండితుడు కాకపోయినా చెవికి తెలిసింది.

కాజీపేట: ఆగండి సార్. చదివింది మన హనుమకొండ అన్న. ఆ 'రే'ని సాగదీసి చదివావా అన్నా, పైకి ఎత్తి చదివావా? ముందు అది చెప్పు.