యెజ్డీ 250కి 12 వోల్టుల సీడీఐ, ఎల్‌ఈడీ, డిస్కు: ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

కిక్‌రాడ్_ఖమ్మం:
1982 మోడల్ యెజ్డీ 250, టూ స్ట్రోక్ బైకు. ఫ్రేము పౌడర్ కోటింగ్‌కి ఇవ్వడానికి బండి మొత్తం విప్పుతున్నాం. ఈ విడతలోనే 6 వోల్టుల డైనమో తీసేసి 12 వోల్టుల సీడీఐ కిట్ (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్), ఎల్‌ఈడీ హెడ్‌లైట్, ముందు చక్రానికి డిస్కు బ్రేకు పెట్టించాలని ఉంది. విప్పే ముందు బండి ఇలా ఉంది: చల్లగా ఉన్నప్పుడు రెండో కిక్కుకే స్టార్ట్. వేడెక్కాక యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగదు. గేర్‌బాక్స్ ఆయిల్ కింద చుక్క కారదు, లెవెల్ మాత్రం తగ్గుతోంది. రెండు సైలెన్సర్లలోనూ పొగ. అన్నీ ఒకేసారి చేయించే బడ్జెట్ లేదు. ఏ వరసలో వెళ్లాలి?

రెండు_సైలెన్సర్లు:
అన్నా, డబ్బు ముందు క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) మీద పెట్టండి. రేస్ దిగకపోవడం, ఆయిల్ తగ్గడం, ఈ రెండు లక్షణాలూ క్రాంకు రెండు చివరలా ఉండే ఆయిల్ సీళ్లవి. కుడివైపు, అంటే డైనమో వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి లాగుతుంది. మిక్చర్ పలచబడి, అంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువై, రేస్ దిగదు. ఎడమవైపు, ప్రైమరీ చైను వైపు సీలు పోతే గేర్‌బాక్స్ ఆయిల్‌ని క్రాంక్‌కేసు (క్రాంకు తిరిగే గది) తాగేస్తుంది. అందుకే కింద చుక్క పడకుండా పొగై పోతోంది. ఈ స్థితిలో సీడీఐ పెడితే స్పార్కు బాగుందని హైవే మీద గట్టిగా లాగుతారు, పలచని మిక్చర్‌కి పిస్టన్ వేడెక్కి సిలిండర్‌లో పట్టేస్తుంది.

ఇంజిను ఎలాగూ దిగింది కాబట్టి కేసు విడదీయండి. కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని నిటారుగా పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆడకూడదు. పక్కలకి కాస్త కదలడం మామూలే, అది చూసి రాడ్ కిట్ మార్చేయకండి. క్రాంకు ప్రెస్సు చేయిస్తే మాత్రం రెండు చివరలా డయల్ గేజ్ (ముల్లుతో సన్నని కొలత చూపే మీటరు) పెట్టి చూపించమనండి, ముల్లు 0.03 మి.మీ. దాటకూడదు. కుడి చివర ఊగితే కొత్త కిట్ మ్యాగ్నెట్ కాయిల్‌కి రుద్దుకుంటుంది.

స్టాండర్డ్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 65 మి.మీ. పిస్టన్ కొన్నాకే, దాన్ని కొలిచి బోరు చేయించండి. ఇనుప సిలిండర్ కాబట్టి పిస్టన్ చుట్టూ 0.06 నుంచి 0.07 మి.మీ. సందు పెట్టించండి. బోరు అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు బ్లేడులా ఉంటాయి, వాటిని సన్నగా రుద్దించకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. లేత్ షాపులో మీరే అడిగి చేయించుకోవాలి.

బిగించాక ఇన్‌లెట్‌నీ రెండు ఎగ్జాస్టులనీ రబ్బరుతో మూసి 6 పీఎస్‌ఐ గాలి పట్టించండి. అంతకు మించితే కొత్త సీలే ఊడి రావచ్చు. నిమిషానికి 1 పీఎస్‌ఐ కంటే ఎక్కువ పడితే సబ్బు నీళ్లు పూయండి, బుడగ లేచిన చోటే లీకు. ఈ పరీక్ష దాటకుండా ఇంజిను ఫ్రేములో ఎక్కించొద్దు.

మొదటి 500 కిలోమీటర్లు లీటరు పెట్రోలుకి 40 మి.లీ. 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్, తర్వాత 30. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో మిక్చర్ ఇంకా పలచబడుతుంది. కార్బురేటర్ మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, ప్లగ్ రంగు చూసి నిర్ణయించండి. పాత పెట్రోలు పైపు ఉబ్బి మెత్తబడుతుంది, దాన్నీ మార్చేయండి.

ప్లగ్‌గ్యాప్:
సీళ్ల సంగతి పైన చెప్పినట్టే. కరెంటు పని నేను చెప్తాను.

డైనమో తీశాక క్రాంకు టేపరు (సన్నబడుతూ వచ్చే చివర) మీద తుప్పు, నూనె మరక ఏదీ మిగలకూడదు. చాలా కిట్లలో మ్యాగ్నెట్‌కి కీ ఉండదు, టేపరు పట్టు మీదే నిలబడుతుంది. జారిందంటే స్పార్కు టైమింగ్ మారి, వెనక్కి కిక్ కొడుతుంది. సన్నని వాల్వ్ పేస్టుతో మ్యాగ్నెట్‌నీ టేపరునీ చేత్తో తిప్పి రుద్దండి. బూడిదరంగు పట్టీ చుట్టూ తెగకుండా కనిపించాలి. ఆ తర్వాత పేస్టు పూర్తిగా కడిగి, పొడిగా బిగించాలి.

టైమింగ్‌కి స్క్రూడ్రైవర్ కొలత పనికిరాదు. ప్లగ్ రంధ్రంలో డయల్ గేజ్ పెట్టి టీడీసీ (పిస్టన్ అన్నిటికంటే పైకి వచ్చే చోటు) దగ్గర సున్నా చేయండి. ఇంజిను తిరిగే దిశకి ఎదురుగా, కిట్ కాగితంలో ఇచ్చిన కొలత కంటే కొంచెం ఎక్కువే వెనక్కి తిప్పి, మళ్లీ ముందుకు తెస్తూ సరిగ్గా ఆ కొలత దగ్గర ఆపండి. సాధారణంగా 3 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. అక్కడ మ్యాగ్నెట్ మీది గీతా కాయిల్ ప్లేటు మీది గీతా కలవాలి.

ఇక పౌడర్ కోటింగ్. అది కరెంటుని పోనివ్వదు. కోటింగ్ బాగా పడిన కొద్దీ ఎర్తింగ్ పోతుంది: హారన్ మోగితే లైటు తగ్గడం, ఇండికేటర్ వేస్తే మీటరు లైటు వెలగడం, అన్నీ దీనివల్లే. ఫ్రేముని నమ్ముకోకుండా ఇంజిను బోల్టు నుంచి బ్యాటరీ నెగటివ్‌కి 2.5 చదరపు మి.మీ. వైరు విడిగా లాగండి. హెడ్‌లైట్‌కి 1, ఇండికేటర్లకి 0.75 చాలు. బ్యాటరీ పాజిటివ్ పక్కనే 10 ఆంపియర్ ఫ్యూజు. పాత 6 వోల్టుల బల్బులు, హారన్, ఫ్లాషర్ ఒక్కటీ మిగల్చొద్దు.

ఎల్‌ఈడీ బల్బు పాత రిఫ్లెక్టర్‌లో పెడితే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. నాకైతే 35/35 వాట్ల హాలోజనే నచ్చుతుంది. ఎల్‌ఈడీయే కావాలంటే చిప్పులు పాత బల్బు ఫిలమెంట్ ఉన్న చోటే పడాలి, గోడ మీద డిమ్ గీత స్పష్టంగా తెగాలి.

కిక్‌రాడ్_ఖమ్మం:
ఇద్దరికీ ధన్యవాదాలు. ముందు ఇంజిను, తర్వాత కిట్. మరి డిస్కు?

స్పోక్‌సెట్టింగ్:
వద్దంటాను. వేరే బండి ఫోర్కు తెస్తే స్టెమ్ పొడవు, బేరింగ్ సైజు, యాక్సిల్ లావు, స్పీడోమీటర్ డ్రైవు, ఒక్కటీ కలవదు. పాత ఫోర్కుకే క్యాలిపర్ పట్టీ వెల్డింగ్ చేయించడం మరీ ప్రమాదం. బ్రేకు బలమంతా ఒకే కాలు మీద పడుతుంది, ఆ గొట్టం దానికి చేసింది కాదు.

డ్రమ్మునే బాగు చేయించండి. ముందు స్పోకులు కట్టి, రిమ్ము సెట్ చేసి, ఆ తర్వాతే డ్రమ్ముని లేత్ మీద తీయించాలి. స్పోకులు బిగిస్తే డ్రమ్ము కొద్దిగా కోడిగుడ్డు ఆకారానికి లాగుతుంది, ముందే తీయిస్తే ఆ వంకర అలాగే ఉండిపోతుంది. కొత్త లైనర్లని కూడా డ్రమ్ము వంపుకి రుద్దించండి. బ్రేకు పట్టిన క్షణంలో క్యామ్ లివరుకీ కేబులుకీ మధ్య 90 డిగ్రీలు ఉండేలా లివరుని పళ్ల మీద జరపండి. హ్యాండిల్ మీది బ్రేకు లివరు పట్టుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

ఆర్‌సీ_మరచిపోకండి:
ఫ్రేము కోటింగ్‌కి వెళ్లేలోపు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో ప్రింటు తీసుకోండి, నంబరు పైన వేడి తట్టుకునే టేపు వేయించండి. పాత రంగు ఊడగొట్టే బ్లాస్టింగ్‌లో అక్షరాలు అరిగితే ఆర్‌సీ రెన్యువల్ దగ్గర ఇబ్బంది. రంగు మారిస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇంజిను మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అనుమతి కావాలి. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి. మీది 1982 కాబట్టి 2032 తర్వాతి మాట. అందుకే డైనమో, ఆర్మేచర్, పాత హెడ్‌లైట్ అమ్మేయకుండా నూనె పూసి డబ్బాలో పెట్టుకోండి.